డెల్టాలో కూర్చుని రగ్బీ లీగ్ టూర్ చూడాలంటే: గడియారం, కరెంటు, ట్యాకిల్ లెక్క

రగ్బీ లీగ్‌లో ఒక దేశపు జట్టు విదేశీ టూరుకు వెళ్లిందంటే ఇప్పుడు చాలావరకు మూడు టెస్టుల సిరీసే. వారానికొకటి చొప్పున మూడు వారాల్లో తేలిపోతుంది. ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో పెడతారు. ఆస్ట్రేలియాలో, ఇంగ్లండులో క్లబ్బుల సీజను ముగిసేది అప్పుడే. మన గోదావరి జిల్లాలకు అవి తుపాను నెలలు, సార్వా చేలు పండే నెలలు. అందుకే ఇక్కడి నుంచి సిరీస్ చూడాలంటే తయారీ సగం ఆట గురించి, సగం కరెంటు గురించి.

2025 టూరే తీసుకోండి. రగ్బీ లీగ్‌లోనూ ఆస్ట్రేలియాకు, బ్రిటన్ లేదా ఇంగ్లండుకు మధ్య యాషెస్ అనే సిరీస్ ఉంది. 2003 తర్వాత మళ్లీ అప్పుడే అది జరిగింది, కంగారూలు, అంటే ఆస్ట్రేలియా జట్టు, ఇంగ్లండు వెళ్లారు. మొదటి టెస్టు అక్టోబరు 25న లండన్‌లోని వెంబ్లీలో. ఆ రోజు మనకు నాగుల చవితి. రెండో టెస్టు నవంబరు 1న లివర్‌పూల్‌లో. ఈ రెంటి మధ్య, 28 రాత్రి, మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. కోనసీమలోనో భీమవరం వైపో ఉండి రెండో టెస్టు చూడాలనుకున్నవాళ్లకు ముందు కావలసింది ఆట పరిజ్ఞానం కాదు, చార్జింగ్.

ముందుగా, చూస్తున్నది ఈ ఆటేనా?

రగ్బీ పేరుతో రెండు వేర్వేరు ఆటలున్నాయి. యూనియన్‌కు జట్టులో 15 మంది, లీగ్‌కు 13 మంది. మన దేశంలో దాదాపుగా ఆడేది యూనియనే, అందులోనూ ఎక్కువగా ఏడుగురి సెవెన్స్. కాబట్టి ఫోనులో ‘రగ్బీ’ అని కొడితే ముందు వరసలో వచ్చేవి యూనియన్ వీడియోలే. జట్ల పేర్లు పట్టుకుంటే దారి తప్పరు. ఆస్ట్రేలియా లీగ్ జట్టు కంగారూస్, యూనియన్ జట్టు వాలబీస్. న్యూజిలాండ్ లీగ్ జట్టు కివీస్, యూనియన్ జట్టు ఆల్ బ్లాక్స్. పాపువా న్యూ గినీ లీగ్ జట్టు పేరు కుముల్స్. ‘లయన్స్’ అన్న పేరు దగ్గరే అసలు చిక్కు. 2025లో ఆస్ట్రేలియా టూరు చేసిన బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ యూనియన్ జట్టు. పాత రోజుల్లో గ్రేట్ బ్రిటన్ లీగ్ జట్టును కూడా లయన్స్ అనేవారు. పాత వీడియో తెరిచినప్పుడు పేరు నమ్మకండి, ఆట చూడండి. పట్టుబడ్డవాడు లేచి నిలబడి బంతిని కాలితో వెనక్కి దొర్లిస్తే అది లీగ్. బంతి మీద ఇరుజట్లూ గుమిగూడి తోసుకుంటుంటే, పక్క గీత దగ్గర వరసగా నిలబడి మనుషుల్ని గాల్లోకి ఎత్తుతుంటే అది యూనియన్.

పాత టూర్ల స్కోర్లు చదివేటప్పుడు ఇంకో మెలిక ఉంది. ట్రై అంటే బంతిని అవతలి గోల్ గీత దాటించి నేలకు ఆనించడం. ఇప్పుడు దానికి 4 పాయింట్లు, 1983కు ముందు 3 మాత్రమే. 1982 టూరులో ఒక్క మ్యాచ్ కూడా ఓడని కంగారూలు మొదటి టెస్టు 40-4తో గెలిచారు. అది 3 పాయింట్ల ట్రైల కాలపు స్కోరు. నేటి లెక్కలో ఇంకా పెద్దదవుతుంది. ఇంకా వెనక్కి, 1966కు ముందుకు వెళితే ట్యాకిళ్లకు, అంటే బంతి ఉన్నవాణ్ని పట్టి ఆపడాలకు, పరిమితే లేదు. ఒకే జట్టు బంతిని ఎంతసేపైనా అట్టేపెట్టుకునేది. ఇప్పటి కళ్లతో ఆ ఆట చూస్తే ఏమీ జరగడం లేదనిపిస్తుంది, నిబంధనే అది.

గడియారం

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఇంగ్లండులో వేసవి గడియారం నడుస్తున్నప్పుడు మనం వాళ్లకంటే నాలుగున్నర గంటలు ముందుంటాం. అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. అక్కడి నుంచి తేడా ఐదున్నర గంటలు. 2025లో ఆ ఆదివారం సరిగ్గా మొదటి, రెండో టెస్టుల మధ్య పడింది. అక్కడి మధ్యాహ్నం 2:30 మ్యాచ్ మొదటి వారం మనకు రాత్రి 7 గంటలకు, రెండో వారం 8 గంటలకు. మొదటి టెస్టు టైమే ఫోనులో ప్రతి శనివారానికీ అలారం పెట్టేసుకుంటే గంటసేపు ఖాళీ తెర చూడాలి.

టూరు దక్షిణార్ధగోళంలో ఉంటే లెక్క తిరగబడుతుంది, వాళ్లు మనకంటే ముందు. సిడ్నీ అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఐదున్నర గంటలు ముందు, అంతకుముందు నాలుగున్నర. బ్రిస్బేన్, టౌన్స్‌విల్ ఉన్న క్వీన్స్‌లాండ్ గడియారం తిప్పదు, ఎప్పుడూ నాలుగున్నరే. పోర్ట్ మోర్స్‌బీ కూడా అంతే. పెర్త్ రెండున్నర. న్యూజిలాండ్ సెప్టెంబరు ఆఖరి ఆదివారం నుంచి ఏడున్నర. 2026 ప్రపంచ కప్‌కు అక్టోబరు 15 నుంచి నవంబరు 15 వరకు తేదీలిచ్చారు. సిడ్నీలో రాత్రి 8కి మొదలయ్యే మ్యాచ్ మనకు మధ్యాహ్నం 2:30కే వస్తుంది. దానికి ప్రొజెక్టర్ పనికిరాదు, టీవీ ఉండాల్సిందే.

ఆట 40 నిమిషాల చొప్పున రెండు సగాలు. విరామం, గాయాలు, వీడియో రిఫరీ తీర్పులు కలుపుకుంటే రెండు గంటలు పక్కన పెట్టుకోండి. కివీస్, టోంగా, సమోవా ఆడే మ్యాచయితే పది నిమిషాలు ముందే పెట్టండి. హాకా లాంటి వాళ్ల యుద్ధ నృత్యాలు ఆట మొదలు కాకముందే అయిపోతాయి.

డేటా, కరెంటు, పురుగులు

ఏ యాప్‌లో వస్తుందో సిరీస్‌కు వారం ముందే టూరు నిర్వాహకుల అధికారిక పేజీలో, మన దేశానికి ఎవరున్నారో చూసి తెలుసుకోండి. ప్రసార హక్కులు టూరు టూరుకూ మారతాయి, కిందటిసారి వచ్చిన చోటే మళ్లీ వస్తుందనుకోవద్దు. ఇంట్లో పది మంది కూర్చుని చూడటం వేరు, రామాలయం వీధిలో తెర కట్టి టికెట్ పెట్టడం వేరు. రెండోదానికి హక్కులున్నవాళ్ల అనుమతి కావాలి.

720పి నాణ్యతకు ఇంచుమించు 3 ఎంబీపీఎస్ కావాలి, అంటే గంటకు 1.35 జీబీ. 1080పికి 5 ఎంబీపీఎస్ అనుకుంటే గంటకు 2.25 జీబీ. రోజుకు 2 జీబీ ప్యాక్ మీద 1080పి పెడితే రెండో సగం మొదలయ్యేసరికే డేటా అయిపోతుంది, అసలు మ్యాచ్ తేలేది అక్కడే. ఫోను డేటా మీదైతే 720పిలోనే ఉంచండి. దానికీ రెండు గంటలకు 2.7 జీబీ అవుతుంది కాబట్టి చిన్న టాప్-అప్ ముందే వేసుకోండి. 360పికి మాత్రం దిగొద్దు. మైదానం మీద పది మీటర్ల గీతలు కనిపించవు, గీతలు కనిపించకపోతే కింద చెప్పబోయేదేదీ చేయలేరు.

కరెంటు పోతే టీవీకంటే ముందు గుర్తుకు రావాల్సింది రూటర్. 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ ఇంచుమించు 90 వాట్లు, రూటర్ 10, ఒక సీలింగు ఫ్యాను 70. మొత్తం 170 వాట్లు. 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్ ఈ బరువును ఐదారు గంటలు మోస్తుంది. అదే ఇన్వర్టర్ మీద ఇంట్లో ఫ్రిజ్ కూడా ఉంటే ఆ పూటకు తీసేయండి. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైను హాలుకు, పడకగదికే ఉంటుంది, రూటర్ పెట్టిన మూలకు ఉండదు. టీవీ వెలుగుతూ నెట్ రాకపోవడానికి కారణం అదే. 12 వోల్టుల చిన్న రూటర్ యూపీఎస్ ఒకటి కొనుక్కుంటే ఆ గొడవ ఉండదు. పెద్ద తుపాను తర్వాత కొబ్బరి మట్టలు తీగల మీద పడి ఫైబర్ కూడా తెగుతుంది. ఫైబర్ తెగినప్పుడు ఇన్వర్టరున్నా లాభం లేదు, ఫోను హాట్‌స్పాట్ ఒక్కటే దారి. పవర్ బ్యాంకు ముందురోజే నింపుకోవాలి.

పదిహేను మందికి మించితే డాబా మీద ప్రొజెక్టర్ పెడతారు. వంద అంగుళాల బొమ్మకు ఏడుంపావు అడుగుల వెడల్పు, నాలుగడుగుల పైచిలుకు ఎత్తు చాలు. సున్నం వేసిన గోడ దుప్పటికంటే మేలు, గాలికి ఊగదు. హెచ్‌డీఎంఐ కేబులు పది మీటర్లు దాటితే బొమ్మ తెగుతూ వస్తుంది, లాప్‌టాప్‌నే ప్రొజెక్టర్ దగ్గరికి జరపండి. ఇక అక్టోబరు రాత్రుల్లో పొలం పక్క డాబా అంటే దీపపు పురుగులు. సుడిదోమ ఉన్న ఏడు మరీను. లెన్సు ముందు ముసిరి తెరంతా చుక్కలు చుక్కలుగా చేస్తాయి. మందు కొట్టడం కంటే, తెరకు ఎదురుగా పడకుండా డాబా అవతలి మూల ఒక ట్యూబ్‌లైటు వేలాడదీసి అరగంట ముందే వెలిగించండి, ముప్పాతిక మూడొంతులు అటే పోతాయి. తొమ్మిది దాటాక మంచు కూడా కురుస్తుంది, లాప్‌టాప్ మీద గొడుగో తాటాకో ఉండాలి.

టీ, పకోడీ సంగతి: విరామం పదిహేను నిమిషాలే. బాణలి అప్పుడు పొయ్యి మీద పెడితే రెండో సగం మొదటి ట్రై వంటింట్లో వినాలి.

ఆట చదవడం

సంక్రాంతికి ఊరూరా కబడ్డీ జరిగే ప్రాంతం మనది, అదే కన్ను ఇక్కడ పనికొస్తుంది. కాకపోతే ఒక్క చోట దారి తప్పిస్తుంది. కబడ్డీలో పట్టు పడితే ఆటగాడు అవుట్, అక్కడితో కథ ముగిసింది. లీగ్‌లో పట్టు పడ్డాకే కథ మొదలు. బంతి ఉన్న జట్టుకు ఆరు ట్యాకిళ్లు. ఒక్కోసారి పట్టుబడ్డాక ఆటగాడు లేచి, బంతి నేల మీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లిస్తాడు. ఆరోసారి పట్టుబడితే బంతి అవతలివాళ్లది. అందుకే ఐదో ట్యాకిల్ అయ్యాక సాధారణంగా తంతారు. రిఫరీ ఐదు వేళ్లూ చాచి చెయ్యెత్తితే ఇదే ఆఖరిదని అర్థం.

మైదానం గోల్ గీత నుంచి గోల్ గీతకు 100 మీటర్లు, వెడల్పు 68. ట్రై 4, దాని తర్వాతి కిక్ 2, పెనాల్టీ కిక్ 2, ఆట నడుస్తుండగా కొట్టే డ్రాప్ గోల్ 1. బంతి చేతిలోంచి ముందుకు జారితే ‘నాక్ ఆన్’, బంతి పోయినట్టే.

కొత్తగా చూసేవాళ్లు బంతి వెంటే కళ్లు పోనిస్తారు. అలా చూస్తే మొదటి ఇరవై నిమిషాలు ఒకేలా కనిపిస్తుంది, లావుపాటి మనుషులు ఢీకొంటూ ఉంటారు అంతే. బదులుగా పట్టుబడ్డవాడు ఎలా పడ్డాడో చూడండి. ‘హెల్డ్’ అని రిఫరీ అరిచిన దగ్గర్నుంచి బంతి వెనక్కి దొర్లేవరకు మనసులో లెక్కపెట్టండి. బోర్లా, మోచేతులూ మోకాళ్ల మీద పడ్డవాడు మూడు అనేలోపు లేస్తాడు. ముగ్గురు కలిసి పట్టి, ఇద్దరు పైన బంతిని బిగించి, మూడోవాడు కాళ్లు చుట్టేసి వెల్లకిలా తిప్పితే నాలుగు, ఐదు దాటుతుంది. ఈ ఒకటి రెండు సెకన్ల తేడాయే మ్యాచ్. ఎందుకంటే పట్టిన జట్టులో ఎదురుగా నిలబడే ఇద్దరు మార్కర్లు తప్ప మిగతా అందరూ పది మీటర్లు వెనక్కి వెళ్లాలి. బంతి తొందరగా దొర్లితే వాళ్లింకా వెనక్కి నడుస్తూనే ఉంటారు, తర్వాతివాడు పరుగు మీద వచ్చి వాళ్లను అడుగులు తప్పిస్తాడు. నిదానంగా దొర్లితే వరస కట్టి ఎదురొస్తారు. పది మీటర్లు ఎక్కడో తెలియాలంటే రిఫరీని చూడండి, ఆయన ఆ గీత మీదే నిలబడతాడు.

పట్టినవాళ్లు కావాలని మీద పడుకుని ఆలస్యం చేస్తే రిఫరీ ‘సిక్స్ అగైన్’ అంటాడు, ట్యాకిల్ లెక్క మళ్లీ మొదటికి. ఈల వేయడు, ఆట ఆగదు. అందుకే చాలామందికి తెలియకుండా దాటిపోతుంది, తర్వాత వీళ్లు ఎనిమిదోసారి పట్టుబడ్డా బంతి ఎందుకివ్వలేదని తగువు. ఇంకో తగువు ఏడు ట్యాకిళ్లది. తన్నిన బంతి గోల్ ప్రాంతం దాటి వెనక గీత అవతల పడిపోతే అవతలి జట్టు 20 మీటర్ల దగ్గర ఏడు ట్యాకిళ్లతో మొదలెడుతుంది. గట్టిగా తన్నినందుకు శిక్ష అన్నమాట.

కిక్‌లలో 40-20 ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తన 40 మీటర్ల గీత వెనక నుంచి తన్నిన బంతి మైదానంలో ఒకసారి నేలను తాకి, అవతలి 20 మీటర్ల లోపల పక్క గీత దాటితే తన్నిన జట్టుకే బంతి. సిరీస్‌లో రెండు మూడు కూడా పడకపోవచ్చు, పడితే మ్యాచ్ తిరిగిపోతుంది.

ఆటగాళ్లందరి పేర్లూ బట్టీ పట్టనక్కర్లేదు. టెస్టుల్లో మొదట దిగేవాళ్ల చొక్కా నంబరే స్థానం చెబుతుంది. 1 ఫుల్‌బ్యాక్ (అందరికంటే వెనక నిలబడేవాడు), 6, 7 హాఫ్‌లు (ఆట నడిపేవాళ్లు), 9 హుకర్ (వెనక్కి దొర్లిన బంతి అందుకునేవాడు). ఈ నలుగురినీ గుర్తుపడితే చాలు, ప్రతి నిర్ణయం వీళ్ల చేతుల మీదుగానే పోతుంది. తర్వాత 8, 10 నంబర్ల ప్రాప్‌లు. వీళ్లు భారీ మనుషులు, ఇరవై పాతిక నిమిషాలు ఆడి బయటికి వస్తారు, రెండో సగంలో మళ్లీ దిగుతారు. వీళ్లు బయటికి వచ్చిన పది నిమిషాల్లో ఏ జట్టు మీటర్లు తగ్గుతాయో చూడండి. బలహీనమైన బెంచీ అక్కడ బయటపడుతుంది. ఈ మార్పిళ్లు ఒకప్పుడు లేవు. 1958 బ్రిస్బేన్ టెస్టులో బ్రిటన్ కెప్టెన్ అలన్ ప్రెస్కాట్ చెయ్యి మొదటి నిమిషాల్లోనే విరిగింది. బదులు దింపే నిబంధన లేదు కాబట్టి అలాగే చివరిదాకా ఆడాడు, 25-18తో గెలిచారు. అది గొప్పే, కానీ ఈ రోజు ఏ డాక్టరూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

కాగితం మీద

రూళ్ల నోటుబుక్కులో ఒక పేజీకి నడిమి గీత గీసి, ఎడమ ఒక జట్టు, కుడి ఒక జట్టు. ఒక జట్టుకు బంతి దొరికి పోయేదాకా ఒక సెట్, దానికి ఒక వరస. వరసలో నాలుగే విషయాలు: ఎక్కడ మొదలైంది, ఎన్నో ట్యాకిల్‌కు ముగిసింది, ఎలా ముగిసింది, ఎక్కడ ముగిసింది. ముగింపుకు ఒక్కో అక్షరం పెట్టుకోండి: ‘ట్రై’కి ట్ర, కిక్‌కు కి, బంతి జార్చుకుంటే జా, పెనాల్టీకి పె. దూరాన్ని మీ సొంత గోల్ గీత నుంచి లెక్కించండి, సొంత 20 దగ్గరైతే 20, అవతలి 30 దగ్గరైతే 70. ‘10-5-కి-60’ అంటే సొంత పది దగ్గర మొదలుపెట్టి, ఐదు ట్యాకిళ్ల తర్వాత, అరవై దగ్గర తన్నారు. ఐదు ట్యాకిళ్లలో యాభై మీటర్లు, అంటే ట్యాకిల్‌కు పది. మంచి సెట్. ముప్పై అయితే ఎదుటివాళ్లు బిగించారు.

ఒక్కరే రాస్తే ఆట చూడలేరు. ఒకరు ట్యాకిళ్లు గట్టిగా లెక్కపెడుతూ అరవాలి, ఇంకొకరు రాయాలి. విరామంలో ఆ పనులు మార్చుకోండి. సెట్ మధ్యలో ‘సిక్స్ అగైన్’ పడితే కొత్త వరస వద్దు, పక్కన చుక్క పెట్టండి. చుక్కలు ఎక్కువున్న జట్టు ఎదుటివాళ్లను అలసగొడుతోందని అర్థం, స్కోరు ఇంకా చెప్పకపోయినా సరే.

చివర ఒకే ఒక లెక్క చేయండి. ‘జా’ గానీ, తామిచ్చిన పెనాల్టీ గానీ లేకుండా ముగిసిన సెట్లను మొత్తం సెట్లతో భాగించండి. 38 సెట్లలో 30 అలా ముగిస్తే 79 శాతం. 80 చుట్టూ ఉన్న జట్టు బాగా ఆడినట్టు. 70కి పడితే ఎంత మెరుపులు మెరిపించినా టెస్టు నిలబెట్టుకోవడం కష్టం. జార్చుకున్న ప్రతి బంతీ ఎదుటివాళ్లకు దగ్గరి మైదానంలో కొత్త ఆరు ట్యాకిళ్లు.

మూడు మ్యాచ్‌లను ఒక్కటిగా చూడటం

మొదటి టెస్టు చూసి సిరీస్ తేల్చేయకండి. టూరు జట్టు క్లబ్బుల నుంచి విడివిడిగా వచ్చి కలుస్తుంది. 2025లో ఆస్ట్రేలియా క్లబ్బుల ఫైనల్ అక్టోబరు 5న, ఇంగ్లండు క్లబ్బుల ఫైనల్ 11న అయ్యాయి, 25న టెస్టు. 6, 7, 9 ఒకరి అడుగు ఒకరికి తెలియడానికి ఆ వ్యవధి చాలదు. పాత టూర్లలో వారం మధ్యలో క్లబ్బులతో మ్యాచ్‌లుండేవి, జట్టు వాటిలో కుదురుకునేది. 1946లో బ్రిటన్ జట్టు ఇండామిటబుల్ అనే విమానవాహక యుద్ధనౌకలో ఆస్ట్రేలియా వెళ్లింది, టూర్లు అప్పట్లో నెలల తరబడి సాగేవి. ఇప్పుడు కుదురుకోవడమంతా టెస్టుల్లోనే జరగాలి.

1990లో గ్రేట్ బ్రిటన్ వెంబ్లీలో 19-12తో గెలిచింది, తర్వాత 14-10, 14-0తో రెండూ ఓడింది. 1994లోనూ అదే వరస. వెంబ్లీలో 8-4తో గెలిచి, తర్వాత 38-8, 23-4తో ఓడిపోయింది. బ్రిటన్ యాషెస్ చివరిసారి గెలిచింది 1970లో. 1973 నుంచి ఆస్ట్రేలియా దగ్గరే ఉంది. 2025లో ఎదురుదెబ్బ కూడా లేకుండా 26-6, 14-4, 30-8తో మూడూ కంగారూలే గెలిచారు.

వీటిలో రెండో టెస్టు స్కోరే చూడండి. పది పాయింట్ల తేడా అంటే కిక్‌లు కలుపుకుని రెండు ట్రైల లోపే. ఇలాంటి మ్యాచ్‌కు మీ కాగితం ఎక్కువ ఉపయోగం. మూడు టెస్టుల పేజీలూ పక్కపక్కన పెట్టి మూడు అంకెలు పోల్చండి: ముగిసిన సెట్ల శాతం, సొంత ఇరవై లోపల మొదలైన సెట్ల సంఖ్య, చుక్కల సంఖ్య. శాతం దగ్గరగా ఉండి కూడా ఓడిన జట్టు సెట్లన్నీ సొంత ఇరవైలోనే మొదలవుతుంటే, తప్పు చేతుల్లో లేదు, ఎదుటి 7 నంబరు కిక్‌లో ఉంది. తర్వాతి టెస్టులో వాళ్ల ఫుల్‌బ్యాక్ ఆఖరి ట్యాకిల్‌కు ఎక్కడ నిలబడ్డాడో చూడండి. కిందటిసారికంటే ఐదారు అడుగులు వెనక ఉంటే, వాళ్ల కోచ్ కూడా అదే లెక్క చూశాడన్నమాట.

మ్యాచ్ తప్పిపోతే మర్నాడు పూర్తి రికార్డింగు చూడండి, హైలైట్లు కాదు. హైలైట్లలో ట్రైలుంటాయి, సెట్లుండవు. స్కోరు ముందే తెలియకూడదనుకుంటే యాప్ నోటిఫికేషన్లు శుక్రవారం రాత్రే ఆపేసి, కబడ్డీ గ్రూపులో ఉన్న క్రికెట్ పిచ్చివాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి.